వరి విత్తనంలో బాక్టీరియా తెగుళ్ళ గుర్తింపు: అణుస్థాయి పరీక్షలపై విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తర్వాత మీరు

• వరిలో విత్తనంతో సంబంధమున్న ముఖ్యమైన బాక్టీరియా తెగుళ్ళను పేర్కొనగలుగుతారు.
• పిసిఆర్, ల్యాంప్ వంటి పరీక్షలు దేనిని చూపుతాయో, దేనిని చూపలేవో వివరించగలుగుతారు.
• 'సున్నితత్వం', 'నిర్దిష్టత' అనే మాటలను ప్రశ్నించి చదవగలుగుతారు.
• ఒక విత్తన లాటుపై వచ్చిన ఫలితాన్ని రైతు ప్రయోజనం దృష్టితో అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

గత పాఠాలలో పిసిఆర్ సూత్రాన్ని, డిఎన్ఎ వెలికితీతను, ప్రైమర్ల ఎంపికను మీరు చదివారు. ఈ పాఠంలో కొత్త పద్ధతిని నేర్పడం లేదు. నేర్చుకున్న పద్ధతి విలువను తూచడం ఎలాగో చూద్దాం.

వరి విత్తనంలో బాక్టీరియాను గుర్తించే పద్ధతులపై వెలువడిన పరిశోధన పత్రాలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. ముందు తెగులు వల్ల కలిగే నష్టం చెబుతారు. తర్వాత పాత పద్ధతులు నెమ్మదిగా సాగుతాయంటారు. ఆపై కొత్త ప్రైమర్లను పరిచయం చేసి, జెల్ మీద పట్టీని చూపి, అతి కొద్ది కణాలున్నా తమ పరీక్ష పట్టుకోగలదని ముగిస్తారు. ఇవన్నీ నిజాయితీగా చేసిన పనులే కావచ్చు. అయినా చదివేవారికి ఒక సందేహం మిగలాలి. ఆ పట్టీ కనిపించినంత మాత్రాన ఆ విత్తనాన్ని రైతుకు అమ్మకూడదని తేల్చవచ్చా? పట్టీ కనిపించకపోతే నిశ్చింతగా నారు పోసుకోవచ్చా?

'ఈ గొట్టంలో ఫలానా డిఎన్ఎ ఉందా?' అనే ప్రశ్నకు అణుస్థాయి పరీక్ష చక్కగా జవాబిస్తుంది. 'ఈ బస్తా విత్తనం నా పొలానికి తెగులు తెస్తుందా?' అన్నది రైతు ప్రశ్న. మొదటి ప్రశ్న నుంచి రెండో ప్రశ్నకు చేరాలంటే మధ్యలో నాలుగైదు మెట్లున్నాయి. ఆ మెట్లు ఎక్కకుండానే ఎక్కినట్లు రాయడమే ఈ పరిశోధన సాహిత్యంలో తరచుగా కనిపించే లోపం. ఈ పాఠంలో ఒక్కో మెట్టునూ పరీక్షిద్దాం.

2. తెగుళ్ళు, విత్తనంతో వాటి సంబంధం

విమర్శకు దిగే ముందు తెగుళ్ళను ఒకసారి గుర్తుచేసుకుందాం.

బాక్టీరియా ఎండాకు తెగులు: దీనికి కారకం జాంథోమోనాస్ ఒరైజె పాథోవార్ ఒరైజె. జపాన్ రైతులు 1884లోనే దీన్ని గమనించారు. మన దేశంలో 1951లో మహారాష్ట్రలో కనిపించినా, 1963లో బీహారులోని షాహాబాద్ జిల్లాలో విజృంభించిన తర్వాతనే దీనిపై అందరి దృష్టి పడింది. ఈ బాక్టీరియా ఆకు అంచున ఉండే సూక్ష్మ రంధ్రాల ద్వారా, గాయాల ద్వారా ప్రవేశించి నీటినాళాలలో పెరుగుతుంది.

బాక్టీరియా ఆకుచార తెగులు: ఇదే ప్రజాతికి చెందిన మరో పాథోవార్, ఒరైజికోలా, దీనికి కారకం. పత్రరంధ్రాల గుండా ప్రవేశించి, నాళాల మధ్య ఉన్న మెత్తటి కణజాలంలో పెరుగుతుంది.

బాక్టీరియా కంకి ఎండు తెగులు: దీనికి ప్రధాన కారకం బర్ఖోల్డేరియా గ్లూమె. జపాన్‌లో 1950లలో దీన్ని గింజకుళ్ళుగా వర్ణించారు. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో కంకులు తాలుపోవడానికి వేడి వంటి వాతావరణ కారణాలే మూలమని చాలాకాలం భావించారు. బాక్టీరియానే కారణమని 1990లలో తేలింది. పూత సమయంలో రాత్రి ఉష్ణోగ్రతలు ఎక్కువగా ఉంటే ఈ తెగులు పెరుగుతుంది. గింజ నిండక కంకి బరువెక్కదు. వంగకుండా నిటారుగానే నిలుస్తుంది.

వీటితో పాటు గోధుమచార తెగులు, ఆకుతొడిమ గోధుమకుళ్ళు కలిగించే బాక్టీరియాలు కూడా విత్తనంపై కనిపిస్తాయి. ఈ పాఠంలో ప్రధానంగా ఎండాకు తెగులును, కంకి ఎండు తెగులును పోల్చి చూస్తాం. రెండూ 'విత్తన సంబంధ తెగుళ్ళు' అనే ఒకే శీర్షిక కిందికి వస్తాయి. అయితే విత్తనంతో ఈ రెండింటి సంబంధం ఒకటి కాదు. ఈ తేడా 5వ విభాగంలో మన తీర్పును నిర్ణయిస్తుంది.

3. పద్ధతులు ఎలా మారుతూ వచ్చాయి

పాత పద్ధతిలో విత్తనాలను నూరి లేదా నానబెట్టి, ఆ కడుగు నీటిని ఎంపిక మాధ్యమంపై పరచి, పెరిగిన సమూహాలను పరిశీలిస్తారు. వరి ఊక మీద సహజంగానే అనేక బాక్టీరియాలుంటాయి. జాంథోమోనాస్ నెమ్మదిగా పెరుగుతుంది. అది కంటికి కనిపించేలోగా పాంటోయియా వంటి త్వరగా పెరిగే పసుపు సమూహాలు పళ్ళెమంతా పరుచుకుంటాయి. పసుపు రంగు చూసి పొరపడటం మామూలే. అందువల్ల ప్రతి అనుమానిత సమూహాన్నీ వరి మొక్కపై అంటించి, తెగులు వస్తుందో లేదో చూడాలి. ఇందుకు వారాలు పడుతుంది. ప్రతిరక్షక పరీక్ష అయిన ఎలైసా ఈ సమయాన్ని తగ్గించింది. కాని దగ్గరి బంధువులైన బాక్టీరియాలను విడదీయడంలో అది కొంత బలహీనమైనది.

పిసిఆర్ రాకతో పరిస్థితి మారింది. ఎండాకు తెగులు బాక్టీరియా జన్యుపదార్థంలో ఐఎస్ 1113 అనే చొప్పింపు క్రమం అనేక ప్రతులుగా ఉంటుంది. దాని ఆధారంగా రూపొందిన ప్రైమర్లతో శక్తివేల్, మార్టెన్‌సెన్, మాథుర్ 2001లో ప్రచురించిన పత్రం ఈ రంగంలో తరచుగా ప్రస్తావనకు వస్తుంది. 2005లో కొరియా, జపాన్ శాస్త్రవేత్తలు ఈ బాక్టీరియా పూర్తి జన్యుక్రమాలను వెలువరించారు. దాంతో జన్యుక్రమాలను పక్కపక్కన పెట్టి, ఒక పాథోవార్‌లో మాత్రమే ఉండే భాగాలను వెదికే వీలు కలిగింది. 2010లో లాంగ్ బృందం ప్రచురించిన పత్రం ఈ దారిలోనిదే. బర్ఖోల్డేరియాల విషయంలో జైర్-బి, ఆర్‌పిఓ-డి జన్యువుల ఆధారంగా మూడు దగ్గరి జాతులను ఒకే పరీక్షలో విడదీసే పద్ధతిని జపాన్ పరిశోధకులు 2006లో ప్రకటించారు. ఈలోగా 2000లో వెలుగుచూసిన ల్యాంప్ పద్ధతి, ఉష్ణోగ్రత మార్చే యంత్రం అవసరం లేకుండా 60 నుంచి 65 డిగ్రీల మధ్య ఒకే వేడిలో డిఎన్ఎను వృద్ధి చేసే సౌకర్యాన్ని ఇచ్చింది.

ఈ ప్రగతి చిన్నదేమీ కాదు. ఇప్పుడు దాన్ని ప్రశ్నించడం మొదలుపెడదాం.

4. విమర్శ: గొట్టం నుంచి బస్తా వరకు

4.1 నిర్దిష్టత: దేనితో పోల్చి?

'మా ప్రైమర్లు నూటికి నూరుపాళ్ళు నిర్దిష్టమైనవి' అనే వాక్యం కనిపించగానే ఎన్ని స్ట్రెయిన్లతో, ఏయే ప్రాంతాల స్ట్రెయిన్లతో, ఏయే బంధువులతో పోల్చి చూశారో అడగాలి. నిర్దిష్టత ప్రైమర్ల సొంత గుణం కాదు. అది పోలికకు పెట్టిన జాబితా మీద ఆధారపడే గుణం.

మొదటి ఉదాహరణగా 16ఎస్ రైబోసోమల్ జన్యువును తీసుకోండి. బాక్టీరియాల వర్గీకరణకు ఇది ఎంతో ఉపయోగకరం. కాని ఒరైజె, ఒరైజికోలా పాథోవార్లు ఒకే జాతికి చెందినవి కనుక ఈ జన్యువు వాటిని విడదీయలేదు. రైతుకు మాత్రం ఇవి రెండు వేర్వేరు తెగుళ్ళు.

రెండో ఉదాహరణ చొప్పింపు క్రమాలు. ఒక కణంలో అనేక ప్రతులుండటం వల్ల పరీక్ష బలపడుతుంది. అయితే ఇవి జన్యుపదార్థంలో చోటు మారే క్రమాలు. దగ్గరి బంధువులలో ఇలాంటివి ఉండే అవకాశాన్ని ముందే తోసిపుచ్చకూడదు. స్థానికంగా ఊక మీద నివసించే బాక్టీరియాలతో పరీక్షించి చూపవలసిందే.

మూడోది అందరూ గుర్తుంచుకోదగిన ఉదాహరణ. 1980ల చివరలో అమెరికాలోని టెక్సాస్, లూసియానా వరి పొలాల్లో ఎండాకు తెగులును పోలిన లక్షణాలు కనిపించాయి. అక్కడి బాక్టీరియాను ఆసియా ఎండాకు తెగులు కారకంగానే నమోదు చేశారు. అయితే ఆ స్ట్రెయిన్లు కలిగించే తెగులు తీవ్రత తక్కువ. తర్వాత జన్యుక్రమాలను విశ్లేషించినప్పుడు అవి ఆసియా స్ట్రెయిన్లకు భిన్నమైన వంశానికి చెందినవని తేలింది. తెగులు తీవ్రతకు కీలకమైన టాల్ ప్రొటీన్ల జన్యువులు వాటిలో లేవని 2011లో వెలువడిన అధ్యయనం చూపింది. అమెరికాలో జాంథోమోనాస్ ఒరైజె కఠిన నియంత్రణలో ఉన్న సూక్ష్మజీవి. జాతిని మాత్రమే గుర్తించే పరీక్ష అక్కడి స్థానిక స్ట్రెయిన్‌ను, బయటి నుంచి రాగల ప్రమాదకర స్ట్రెయిన్‌ను ఒకే గాటన కడుతుంది. పాథోవార్‌ను, వంశాన్ని విడదీసే పరీక్ష లేకపోతే ఫలితం 'సరైనదే', నిర్ణయం మాత్రం తప్పు.

4.2 సున్నితత్వం: ఎక్కడ కొలిచారు?

'ఫెమ్టోగ్రాముల స్థాయి డిఎన్ఎను కూడా పట్టుకుంటుంది' అనే వాక్యం ఆకట్టుకుంటుంది. ఆ కొలత సాధారణంగా శుద్ధిచేసిన డిఎన్ఎతో తీసినది. విత్తనం దగ్గర లెక్క ఎలా ఉంటుందో ఒక ఊహా ఉదాహరణతో చూడండి.

3,000 గింజలను 150 మిల్లీలీటర్ల నీటిలో నానబెట్టాం అనుకుందాం. వాటిలో ఒకే ఒక్క గింజకు తెగులు ఉంది. దాని నుంచి 10,000 బాక్టీరియా కణాలు నీటిలోకి వచ్చాయి. అంటే మిల్లీలీటరుకు సుమారు 67 కణాలు. మనం 1 మిల్లీలీటరు తీసుకుని డిఎన్ఎ వెలికితీసి, 50 మైక్రోలీటర్లలో కరిగించాం. అందులో 2 మైక్రోలీటర్లను పిసిఆర్ గొట్టంలో వేశాం. అంటే 25వ వంతు. వెలికితీతలో ఏమాత్రం నష్టం లేకపోయినా గొట్టంలోకి చేరేది 2 లేదా 3 కణాల డిఎన్ఎ మాత్రమే. వెలికితీత సామర్థ్యం 10 శాతమే అయితే నాలుగు గొట్టాలకు కలిపి సగటున సుమారు ఒక్క కణమే వస్తుంది.

పరీక్ష ఒక్క కణాన్ని కూడా పట్టుకోగలదని రుజువైనా, ఇక్కడ ఫలితం చాలాసార్లు నెగెటివ్‌గానే వస్తుంది. పద్ధతి అబద్ధం చెప్పలేదు. పట్టుకోవలసిన కణమే గొట్టంలోకి రాలేదు. నీళ్ళన్నిటినీ సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కణాలను ఒకచోట చేర్చితే కొంత మేలు. కాని బాక్టీరియాతో పాటు ఊక నుంచి వచ్చిన ఫీనాల్ పదార్థాలు, పిండి పదార్థాలు కూడా అక్కడే పోగవుతాయి. ఇవి పిసిఆర్ ఎంజైమును అడ్డుకుంటాయి.

అందుకే అంతర్గత నియంత్రణ లేని నెగెటివ్ ఫలితాన్ని నమ్మకూడదు. అంతర్గత నియంత్రణ అంటే తెలిసిన డిఎన్ఎను ప్రతి గొట్టంలోనూ కలిపి, అది వృద్ధి అయిందో లేదో చూడటం. అదీ వృద్ధి కాకపోతే ఆ గొట్టం ఫలితం నెగెటివ్ కాదు, పరీక్షే జరగలేదు. పత్రం చదివేటప్పుడు ఈ నియంత్రణ ఉందో లేదో ముందుగా వెదకండి.

4.3 నమూనా: అసలు కష్టం ఇక్కడే

పరీక్ష ఎంత గొప్పదైనా నమూనాలోకి రాని గింజను చూడలేదు. వెయ్యి గింజల బరువు 25 గ్రాములనుకుంటే, ఎకరానికి నారుపోసే 25 కిలోల విత్తనంలో 10 లక్షల గింజలుంటాయి. పది వేల గింజలకు ఒకటి తెగులు సోకినదైతే, ఆ ఎకరం నారుమడిలోకి 100 తెగులు గింజలు చేరతాయి.

ఈ లాటు నుంచి కొన్ని గింజలను యాదృచ్ఛికంగా తీస్తే, వాటిలో కనీసం ఒక తెగులు గింజ వచ్చే సంభావ్యత ఇలా ఉంటుంది:

400 గింజలు తీస్తే: సుమారు 4 శాతం
3,000 గింజలు తీస్తే: సుమారు 26 శాతం
10,000 గింజలు తీస్తే: సుమారు 63 శాతం
30,000 గింజలు తీస్తే: సుమారు 95 శాతం

400 గింజలతో చేసిన పరీక్షలో ఈ లాటు నూటికి 96 సార్లు 'శుభ్రమైనది'గా బయటపడుతుంది. మొదటి గింజ నుంచి చివరి గొట్టం వరకు ఏ పొరపాటూ జరగకపోయినా ఇంతే. 30,000 గింజలంటే ముప్పావు కిలో. దాన్ని 3,000 చొప్పున పది భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని విడిగా పరీక్షించాలి. అప్పుడు ఖర్చు పది రెట్లవుతుంది. ప్రైమర్ల గురించి పేజీలు రాసి, ఎన్ని గింజలు తీశారో ఒక్క వాక్యంలో దాటవేసే పత్రాలను అందుకే జాగ్రత్తగా చదవాలి.

మరో మాట. చాలా పత్రాల్లో ప్రయోగశాలలో బాక్టీరియాను పూసిన గింజలను వాడతారు. అక్కడ బాక్టీరియా గింజ పైన తాజాగా, సమానంగా ఉంటుంది. పొలంలో సోకిన గింజలో అది ఊక పొరల లోపల, కొద్దిపాటి గింజల్లో మాత్రమే ఉంటుంది. పైన చెప్పిన 2001 పత్రంలో రెండు రకాల విత్తనాలతోనూ పని చేయడం మెచ్చుకోదగిన విషయం. కృత్రిమంగా పూసిన గింజలతోనే సరిపెట్టిన పత్రం, పద్ధతి పని చేస్తుందని మాత్రమే చూపుతుంది. పొలం విత్తనంపై ఉపయోగపడుతుందని చూపదు.

4.4 బతికున్నదా, చచ్చిపోయినదా?

డిఎన్ఎ బాక్టీరియా చచ్చాక కూడా కొంతకాలం నిలుస్తుంది. విత్తనశుద్ధి చేసిన లాటును పిసిఆర్‌తో పరీక్షిస్తే చచ్చిన కణాల డిఎన్ఎ కూడా పట్టీ చూపవచ్చు. విత్తనశుద్ధి ఫలించిందా లేదా అని తెలుసుకోవడానికి మామూలు పిసిఆర్ పనికిరాదన్నమాట.

దీనికి రెండు పరిష్కారాలున్నాయి. ఒకటి బయో-పిసిఆర్. ముందు మాధ్యమంలో పెంచి, తర్వాత పిసిఆర్ చేస్తారు. బతికున్నవే పెరుగుతాయి కనుక సంఖ్య కూడా పెరిగి 4.2లో చెప్పిన ఇబ్బంది తగ్గుతుంది. అయితే జాంథోమోనాస్ నెమ్మదిగా పెరుగుతుందన్న పాత సమస్య తిరిగి తలెత్తుతుంది. రెండోది పిఎమ్‌ఏ అనే రంగు పదార్థం. పొర దెబ్బతిన్న కణాల్లోకి ఇది చొరబడి, వెలుతురు తగిలినప్పుడు డిఎన్ఎకు అతుక్కుని వృద్ధిని ఆపుతుంది. కాని విత్తనాన్ని కడిగిన నీరు మురికిగా ఉంటుంది. వెలుతురు లోపలిదాకా చేరదు. శుభ్రమైన బాక్టీరియా ద్రావణంలో బాగా పనిచేసిన ఈ పద్ధతి విత్తనపు నీటిలోనూ అంతే బాగా పనిచేస్తుందని విడిగా చూపాలి.

4.5 'పాజిటివ్' వచ్చిందంటే ఎంత నమ్మాలి?

తెగులు ఉన్న లాట్లలో 95 శాతాన్ని పట్టుకుని, తెగులు లేని లాట్లలో 98 శాతాన్ని సరిగా వదిలే పరీక్ష ఉందనుకుందాం. మంచి పరీక్షే. 1,000 లాట్లలో 20కి మాత్రమే తెగులు ఉంటే, ఈ పరీక్ష 19ని పట్టుకుంటుంది. తెగులు లేని 980లో 2 శాతం, అంటే దాదాపు 20 లాట్లను పొరపాటున పాజిటివ్ అంటుంది. మొత్తం 39 పాజిటివ్‌లలో సగం తప్పు. తిరస్కరించిన 39 లాట్లలో 20 లాట్లు మంచి విత్తనమే.

ఆ విత్తనాన్ని పండించిన విత్తన రైతుకు ఆ సీజను కష్టమంతా ధాన్యం ధరకే పోతుంది. అందుకే పాజిటివ్ వచ్చిన లాటును వేరే జన్యుభాగంపై ఆధారపడిన రెండో పరీక్షతోనూ, వీలైతే బాక్టీరియాను వేరుచేసి మొక్కపై అంటించి చూసిన ఫలితంతోనూ నిర్ధారించాలి. ఒక్క పట్టీ ఆధారంగా లాటును తిరస్కరించడం శాస్త్రీయం కాదు, న్యాయమూ కాదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి - 1
అ) అంతర్గత నియంత్రణ లేని నెగెటివ్ ఫలితాన్ని ఎందుకు నమ్మకూడదు?
ఆ) 10,000 గింజలకు ఒకటి తెగులు సోకిన లాటులో 400 గింజల పరీక్ష ఎంతవరకు ఉపయోగపడుతుంది?

5. విత్తనంలో ఉండటం వేరు, విత్తనం నుంచి రావడం వేరు

ఇంతవరకు చెప్పిన లోపాలన్నీ సాంకేతికమైనవి. జాగ్రత్త, డబ్బు, ఓపిక ఉంటే వాటిని సరిదిద్దవచ్చు. ఇప్పుడు చెప్పబోయేది అలాంటిది కాదు. అది జీవశాస్త్రానికి సంబంధించిన ప్రశ్న.

ఎండాకు తెగులు బాక్టీరియా గింజ ఊకలోకి చేరుతుందనడంలో వివాదం లేదు. ఆ గింజ మొలిచినప్పుడు తెగులు నారుకు వస్తుందా అన్నదే వివాదం. మన హైదరాబాదులో ఈ ప్రశ్నపై కాఫ్‌మన్, ఎ.పి.కె. రెడ్డి చేసిన పని 1975లో ప్రచురితమైంది. ఊకకు బాక్టీరియా సులభంగానే సోకినా, నిల్వలో దాని సంఖ్య వేగంగా పడిపోతుందని, ఆ విత్తనం ద్వారా నారుకు తెగులు సోకినట్లు కనిపించలేదని వారు తేల్చారు. ఇతరచోట్ల దీనికి భిన్నమైన అభిప్రాయాలూ వచ్చాయి. చర్చ పూర్తిగా ముగియలేదు. ఈ బాక్టీరియాకు పొలంలో ఇతర ఆశ్రయాలు చాలానే ఉన్నాయి. కోసిన దుబ్బులు, తనంతట మొలిచిన వరి, గట్ల మీది గడ్డి మొక్కలు, పారుదల నీరు ఇవన్నీ దాన్ని కొత్త పంటకు చేరవేయగలవు.

ఇదే నిజమైతే, గోదావరి డెల్టాలోనో నిజామాబాదులోనో రైతు అధిక సున్నితత్వం గల పరీక్షలో నెగ్గిన విత్తనం తెచ్చుకున్నా, పక్క పొలం కాలువ నీటితోనే తెగులు రావచ్చు. ఆ రైతుకు తెగులును తట్టుకునే రకం ఎక్కువ మేలు చేస్తుంది. బిపిటి 5204, అంటే సాంబ మసూరి, ఎండాకు తెగులుకు లొంగిపోతుంది. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, సిసిఎంబి కలిసి దానిలోకి మూడు నిరోధక జన్యువులను చేర్చి 'ఇంప్రూవ్డ్ సాంబ మసూరి'ని రూపొందించాయి. అది 2008లో విడుదలైంది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ రకాన్ని రూపొందించడంలోనూ పిసిఆర్ ఆధారిత గుర్తులే సాయపడ్డాయి. అణుస్థాయి పద్ధతి అదే అయినా, ఇక్కడ వాడిన ప్రశ్న వేరు. 'బాక్టీరియా ఉందా?' అని కాకుండా 'ఈ మొక్కలో నిరోధక జన్యువులు ఉన్నాయా?' అని అడిగారు. ప్రశ్న సరైనదైనప్పుడు అదే పద్ధతి రైతు పొలం వరకు నేరుగా వెళ్ళగలిగింది.

బర్ఖోల్డేరియా గ్లూమె విషయం వేరు. ఇది విత్తనం ద్వారా సంక్రమిస్తుందని గట్టిగా రుజువైంది. తెగులు గింజ మొలిచినప్పుడు నారు కుళ్ళవచ్చు. జపాన్‌లో యంత్రంతో నాటడానికి ట్రేలలో పెంచే నారులో, వెచ్చని తడి వాతావరణంలో, ఇది పెద్ద సమస్య. నారు దశలో బతికి బయటపడిన మొక్కపై బాక్టీరియా లక్షణాలు చూపకుండా నిలిచి, మొక్కతో పాటే పైకి ఎగబాకి, పూత సమయానికి కంకిని చేరుతుంది. ఇక్కడ విత్తన పరీక్షకు సూటి ప్రయోజనం ఉంది. కంకి తాలుపోయినప్పుడు వేడి వల్లనా, బాక్టీరియా వల్లనా అన్న అనుమానాన్ని తీర్చడానికి కూడా అణుస్థాయి పరీక్ష ఎంతగానో ఉపయోగపడుతుంది. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి గదా.

కాబట్టి 'విత్తన సంబంధ బాక్టీరియా తెగుళ్ళకు అణుస్థాయి పరీక్షలు అవసరం' అనే సాధారణ వాక్యం సరిపోదు. ఏ తెగులుకు, ఏ నిర్ణయం కోసం అని విడదీసి చెప్పాలి.

క్వారంటైన్ సందర్భం దీనికి మరో కోణం. తెగులు లేని దేశానికి లేదా ప్రాంతానికి విత్తనం వెళుతున్నప్పుడు, కొత్త స్ట్రెయిన్ ప్రవేశించే అవకాశం ఎంత తక్కువైనా నష్టం చాలా పెద్దది. అక్కడ ఎండాకు తెగులు బాక్టీరియాకు కూడా కఠిన పరీక్ష సమంజసమే. విదేశాల నుంచి వచ్చే విత్తన నమూనాలను పరిశీలించే రాజేంద్రనగర్ లోని జాతీయ మొక్కల జన్యువనరుల ప్రాంతీయ కేంద్రం వంటి సంస్థల పనిని ఈ దృష్టితో అర్థం చేసుకోవాలి. ఊళ్ళో విత్తనం మార్చుకునే ఇద్దరు రైతులకు ఆ ప్రమాణాన్నే వర్తింపజేస్తే ఖర్చు మిగులుతుంది, లాభం మిగలదు.

6. పొలంలో చేసే పరీక్షలు

ల్యాంప్ పరీక్షలో నాలుగు నుంచి ఆరు ప్రైమర్లు వాడతారు. ఒకే వేడి చాలు. ఫలితాన్ని రంగు మార్పుతో కంటితోనే చూడవచ్చు. ఒరైజె, ఒరైజికోలా పాథోవార్లకు ఇటువంటి పరీక్షలను 2014లో ప్రచురించారు. ఆకు మీద తెగులు కనిపిస్తున్నప్పుడు ఇది చాలా మంచి సాధనం. అక్కడ బాక్టీరియా కోట్ల సంఖ్యలో ఉంటుంది. నమూనా సమస్య ఉండదు. జవాబు గంటలో వస్తుంది.

విత్తనం దగ్గరకు వచ్చేసరికి 4.2, 4.3 విభాగాల్లోని లెక్కలు ల్యాంప్‌కూ అలాగే వర్తిస్తాయి. యంత్రం చిన్నదైనంత మాత్రాన తీయవలసిన గింజల సంఖ్య తగ్గదు. పైగా ల్యాంప్‌లో డిఎన్ఎ అపారంగా తయారవుతుంది. వృద్ధి జరిగిన గొట్టం మూత ఒక్కసారి తెరిస్తే ఆ గదిలో తర్వాతి పరీక్షలన్నీ తప్పుడు పాజిటివ్‌లు చూపే ప్రమాదం ఉంది. 'ఎక్కడైనా, ఎవరైనా చేయవచ్చు' అనే ప్రచారంలో ఈ మాట వినిపించదు.

7. పత్రాన్ని తూచే ప్రశ్నలు

పరిశోధన పత్రంగాని, కంపెనీ కిట్టు కరపత్రంగాని చేతికి వచ్చినప్పుడు ఈ ప్రశ్నలు వేయండి.

1) ప్రైమర్లను మన ప్రాంతపు స్ట్రెయిన్లతో, మన ఊక మీది ఇతర బాక్టీరియాలతో పోల్చి చూశారా?
2) సున్నితత్వాన్ని శుద్ధ డిఎన్ఎలో కొలిచారా, విత్తనపు నీటిలో కొలిచారా?
3) ఎన్ని గింజలు తీశారు? వాటిని ఎన్ని భాగాలుగా పరీక్షించారు?
4) పొలంలో సోకిన విత్తనాన్ని వాడారా, ప్రయోగశాలలో పూసిన విత్తనాన్నా?
5) ప్రతి గొట్టంలో అంతర్గత నియంత్రణ ఉందా?
6) బతికున్న, చచ్చిన కణాలను విడదీశారా?
7) పాజిటివ్ వచ్చిన విత్తనాన్ని మొలిపించి, తెగులు వచ్చిందో లేదో చూశారా?

ఏడో ప్రశ్నకు 'అవును' అని జవాబు దొరికే పత్రాలు తక్కువ. దానికి స్థలం, ఒక పంట కాలం, చాలా నారు కావాలి. కాని గొట్టంలోని పట్టీకి, రైతు పొలానికి మధ్య వంతెన అదొక్కటే.

8. సారాంశం

అణుస్థాయి పద్ధతులు వరి బాక్టీరియాలను వేగంగా, కచ్చితంగా పేరుపెట్టి గుర్తించే శక్తినిచ్చాయి. తెగులు సోకిన ఆకుపై, కంకిపై వాటి విలువ ప్రశ్నించలేనిది. విత్తనం విషయంలో వాటి బలం నమూనా పరిమాణం, వెలికితీత, అంతర్గత నియంత్రణ, కణాల సజీవత మీద ఆధారపడుతుంది. వీటిని చెప్పకుండా సున్నితత్వ సంఖ్యను మాత్రమే చెప్పే పత్రం అసంపూర్ణం. బర్ఖోల్డేరియా గ్లూమెకు, క్వారంటైన్ అవసరాలకు విత్తన పరీక్ష సమంజసం. తెగులు ఇప్పటికే ఉన్న ప్రాంతంలో ఎండాకు తెగులుకు నిరోధక రకాలు, పొలం శుభ్రత ముందు. విత్తన పరీక్ష ఆ తర్వాత.

9. ముఖ్య పదాలు

నిర్దిష్టత: లక్ష్య జీవిని మాత్రమే గుర్తించి, ఇతరులను వదిలివేసే గుణం.
సున్నితత్వం: పరీక్ష గుర్తించగల కనిష్ఠ పరిమాణం, లాట్ల విషయంలో, తెగులు ఉన్నవాటిలో పట్టుబడే శాతం.
అంతర్గత నియంత్రణ: చర్య సరిగా జరిగిందని తెలుసుకోవడానికి ప్రతి గొట్టంలో కలిపే తెలిసిన డిఎన్ఎ.
విత్తన సంక్రమణ: విత్తనంలోని కారకం మొలకకు, పంటకు తెగులుగా చేరడం.

10. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. బయో-పిసిఆర్ మామూలు పిసిఆర్ కంటే ఏ విధంగా మెరుగు? దాని పరిమితి ఏమిటి?
2. అమెరికా జాంథోమోనాస్ ఒరైజె స్ట్రెయిన్ల ఉదాహరణ నిర్దిష్టత గురించి ఏమి నేర్పుతుంది?

II. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. 'విత్తనంలో ఉండటం వేరు, విత్తనం నుంచి రావడం వేరు' - ఎండాకు తెగులు, కంకి ఎండు తెగులులను పోల్చి చర్చించండి.
2. మీ మండలంలో ఒక విత్తన లాటుకు పిసిఆర్ పాజిటివ్ వచ్చింది. ఆ లాటును తిరస్కరించే ముందు మీరు ఏయే సమాచారం అడుగుతారు? కారణాలతో రాయండి.